పైనుంచి పోసిన నీళ్ళు

ఆగస్టు బ్యాంకు సెలవుకు ముందు ఆదివారం, ఉదయం ఏడున్నర. ఐర్లండులో వాటర్‌ఫోర్డ్ దగ్గర, సముద్రం పక్కన, ఒక ఆటల క్లబ్బు వాళ్ళ మైదానంలో. గంట నాకెలా తెలుసని ఎవరైనా అడుగుతారేమో, చెబుతాను. నేను పనిచేసే ఇంటి డాక్టరు గారి చేతి గడియారం రోజూ ఏడున్నరకి కూత పెట్టేది. సెలవు రోజున దాని నోరు మూయించాలని ఆయనకి ఎప్పుడూ తోచేది కాదు. ఆ కూత ఆగకముందే ఆయన నోట్లోంచి ఆ మాట వచ్చింది. అప్పటికి నాకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. రాయడం రానివాళ్ళు గుర్తు పెట్టుకోక ఏం చేస్తారు?

ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నదాన్ని ఇప్పుడు ఎందుకు బయటికి తీస్తున్నానంటే, పోయిన నెల హారిక నన్ను చూడ్డానికి డబ్లిన్ పక్కన టాలట్ వచ్చింది. డాక్టరు గారి కూతురు. నేను ఎత్తుకుని పెంచిన పిల్ల. ఇప్పుడు లూకన్‌లో ఇల్లు కొనుక్కుంది, ఆఫీసులో తన కింద కొంతమంది పనిచేస్తారు. ఆఫీసు నుంచి తిన్నగా లువాస్ ట్రామ్ ఎక్కి, వానలో తడిసి, కేకు డబ్బాతో వచ్చి నా వంటింట్లో కూర్చుంది. ప్రెస్ అలమర తలుపు తనే తీసి కప్పులు దించింది. తెలుగు అంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం అచ్చం ఐరిష్ పిల్లే. కాసేపు అదీ ఇదీ మాట్లాడి చివరికి అసలు సంగతి చెప్పింది. వాళ్ళ నాన్నకి ఉద్యోగ విరమణ సభ జరిగిందట. హాలు నిండా మనవాళ్ళే. మైకు పట్టుకుని ఆయన అన్నాడట: "ఏ పనీ తక్కువ కాదని నాకు ఈ దేశమే నేర్పింది. మోటర్‌హోమ్ ర్యాలీకి వెళ్ళినప్పుడు, మా ఇంట్లో సాయం చేసే ఆవిడ పక్కనే ఉన్నా, ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి టాయిలెట్ డబ్బా నేనే మోశాను." చప్పట్లు మోగిపోయాయట. ఒకరిద్దరు లేచి నిలబడి కూడా కొట్టారట.

"ఇట్ వాజ్‌న్ట్ లైక్ దట్, వాజ్ ఇట్, నీల ఆంటీ?" అంది హారిక. "ఐ రిమెంబర్ ద చెయిర్. మమ్మీ ఏడవడం ఐ రిమెంబర్. బట్ డాడ్ నిన్ను కూర్చోబెట్టడం... నో."

నన్ను కూర్చోబెట్టాడట! ఆ పిల్లకి ఆ పూట టీ ఇచ్చి, గొడుగు ఇచ్చి పంపించాను. ఆయన చెప్పుకున్నది ఆయన చెప్పుకున్నాడు. ఇప్పుడు నేను చెబుతాను.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి, అది తెలియకపోతే ఆ డబ్బా బరువు ఎవరికీ అందదు. మా అమ్మ పైడమ్మ విజయనగరం మునిసిపాలిటీలో పాకీపని చేసేది. ఇప్పటి పిల్లలకి ఆ మాటే తెలియదు. వాళ్ళకి తెలియకపోతే మంచిదే. తెలిసినవాళ్ళు తెలియనట్టు నటిస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజుల్లో ఎంత పెద్ద ఇంటికైనా వెనక గోడకి కింద ఒక రేకు తలుపు ఉండేది. వీధి వైపు మొహం చూపించకుండా సందులోంచి వెళ్ళి, ఆ రేకు ఎత్తి, లోపలున్నది గీకి, బుట్టలోకి తీసి, నెత్తిన పెట్టుకుని సందు చివర బండి దాకా మోయాలి. వానాకాలంలో బుట్ట కారేది. ఇంతకంటే చెప్పను. వాసన తెలియకుండా ఉండటానికి అమ్మ అడ్డపొగ చుట్ట కాల్చేది, నిప్పున్న కొన నోట్లోపలికి పెట్టుకుని. పని మొదలుపెట్టినప్పుడు అంటిస్తే పూర్తయ్యేదాకా నోట్లోంచి తీసేది కాదు, అందుకని పనిలో ఉండగా అమ్మ మాట్లాడటం నేను వినలేదు. ఇంటికొచ్చాక నీళ్ళు పోసుకునేదాకా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. చేతులు బూడిదతో తోమేది, తర్వాత చింతపండు పిప్పితో, ఆ తర్వాత కుంకుడు రసంతో. తోమి తోమి అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి. అప్పుడు గానీ అన్నం కుండ ముట్టుకునేది కాదు. కుంకుడుకాయ వాసన, చుట్టపొగ వాసన, వేడి గంజి వాసన, ఈ మూడూ కలిస్తే నా చిన్నతనం. మా అంత శుభ్రమైన ఇల్లు ఆ ఊళ్ళో ఇంకోటి ఉందని నేను ఒప్పుకోను.

అమ్మ పనిచేసే సందులో ఒక ప్లీడరు గారి ఇల్లుండేది. ఎండలో పని ముగించాక అమ్మ ఆ ఇంటి దొడ్డి గుమ్మానికి ఎడంగా నిలబడి "దాహం తల్లీ" అని కేకేసేది. ఆ ఇంటి మామ్మగారు చెంబు పట్టుకుని వచ్చేది. అమ్మ వంగి దోసిలి పట్టేది, ఆవిడ గుమ్మం మీద నిలబడి పైనుంచి నీళ్ళు పోసేది. చెంబుకీ దోసిలికీ మధ్య మూరెడు ఎడం ఉండి తీరాలి. సగం నీళ్ళు అమ్మ మోచేతుల మీదుగా కారిపోయేవి. మామ్మగారి మనవరాలు, నాకంటే బాగా చిన్నది, పక్కన నిలబడి చూస్తూ ఉండేది. ఒకరోజు తనే పోస్తానని పేచీ పెట్టింది. మామ్మగారు ఆ పిల్ల మోచెయ్యి కింద తన చెయ్యి పెట్టి పైకెత్తి, "ఇంకొంచెం పైనుంచి పొయ్యాలమ్మా, ఇంకొంచెం పైనుంచి" అని నేర్పింది. నీళ్ళు అమ్మ మొహం మీద పడ్డాయి. పిల్ల కిలకిలా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. అమ్మ ఎందుకు నవ్విందా అని నాకు ఈ వయసులో కూడా కోపమే. ఆ పిల్ల పేరు మాధవి.

పోయేముందు అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇది నాతోటి ఆకరు. నువ్వు ముట్టకూడదే గుంటా, నా మీదొట్టు" అంది. ముట్టనని మాటిచ్చాను. అమ్మ పోయాక ఆ కొలువు నాకిస్తామని మునిసిపాలిటీ మనిషి మా గుమ్మం ముందుకే వచ్చాడు. వద్దన్నాను. సర్కారు జీతం కాలదన్నుకున్నానని పేటంతా నన్ను పిచ్చిదాన్ని చేసి మాట్లాడింది. తిండి గడవాలి కదా, ప్లీడరు గారి ఇంట్లోనే గిన్నెలు తోమే పనికి కుదిరాను. వెనక వరండా వరకే నా రాజ్యం. ఆ ఇంటి వంటింటి గడప నేను తొక్కలేదు, తొక్కనివ్వలేదు. కట్టుకున్నవాడు పోయాక, పిల్లాజెల్లా లేక, ఆ వరండాలోనే నా వయసు సగం గడిచిపోయింది.

మాధవిని నేను చిన్నమ్మగారు అనేదాన్ని. ఆవిడకి డాక్టరుతో పెళ్ళయింది. ఆయన పేరు సుధాకర్. ఐర్లండు వెళ్ళి వాటర్‌ఫోర్డ్‌లో ఆసుపత్రి ఉద్యోగం, రాత్రీ పగలూ డ్యూటీలు. హారిక పుట్టింది, చిన్నమ్మగారికి కంప్యూటర్ ఉద్యోగం దొరికింది, ఇంట్లో మనిషి కావలసి వచ్చింది. కాగితాలు రాయించి నన్ను రప్పించారు. పర్మిట్ డాక్టరు గారి పేరు మీద. ఏడాదికోసారి ఆయన సంతకం పెడితేనే నేను ఈ దేశంలో ఉండేది. దిగిన మర్నాడే చిన్నమ్మగారు నన్ను వంటింట్లోకి పిలిచి, "నీలా, పప్పు నువ్వే పెట్టు" అంది. నీల ఎవరా అని వెనక్కి చూశాను. నేనేనట. నా అసలు పేరు నూకాలు అంటే ఇక్కడివాళ్ళకి నోరు తిరగదంది. ఇంటికి వచ్చిన మన డాక్టర్లకీ, వాళ్ళ భార్యలకీ, "మా వైపు వాళ్ళే, దూరపు చుట్టం" అని చెప్పేది. వాళ్ళు నా చేతి పప్పుచారు రెండోసారి పోయించుకుని, "ఎంతైనా మన ఇళ్ళల్లో చెయ్యి వేరండీ" అనేవాళ్ళు. నేను పక్కకి తిరిగి నవ్వుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ వంటింట్లో నేను సుఖపడ్డాను. పొద్దున్నే కిటికీ అద్దం మీద ఆవిరి, పోపులో ఇంగువ, హీటర్ మీద ఆరేసిన హారిక సాక్సుల ఉన్ని వాసన. గడప లోపల నిలబడి వండటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పేరు పోతే పోయిందిలే అనుకున్నాను.

ఆ రోజుల్లో ఐర్లండు ఒళ్ళు తెలియకుండా ఉండేది. ఎటు చూసినా క్రేన్లే. ఒక ఇల్లున్నవాడు రెండోది కొనేవాడు, రెండున్నవాడు స్పెయిన్‌లో ఇంకోటి చూసేవాడు. బస్సులో అయినా, దుకాణంలో అయినా ఇళ్ళ ధరల మాటే. ఆసుపత్రిలో డాక్టరు గారి పైన ఒక పెద్ద డాక్టరు, ఓవెన్ అని, ఆయనకి మోటర్‌హోమ్ పిచ్చి. సెలవు వస్తే చాలు చక్రాల మీద ఇల్లు వేసుకుని తిరిగేవాడు. అప్పుడు మా డాక్టరు గారికి ఒక మంచి శిక్షణ పోస్టు కావాలి, దానికి ఓవెన్ మాట సాయం కావాలి. అందుకని ఈయన కూడా ఒక పాత మోటర్‌హోమ్ కొన్నాడు. వాళ్ళ క్లబ్బు వాళ్ళు బ్యాంకు సెలవుకి శుక్రవారం నుంచి సోమవారం దాకా కలుస్తారు, దాన్నే ర్యాలీ అంటారు, మీరూ రండి అన్నాడట ఓవెన్. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి బయల్దేరాం. లోపల ప్రతి తలుపుకీ చిన్నమ్మగారు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది, టాయిలెట్ తలుపుకి కూడా. దాని కింద ఒక డబ్బా ఉంటుందనీ, అది నిండుతుందనీ, నిండితే ఎవరో ఒకరు తియ్యాలనీ వాళ్ళిద్దరూ ఆలోచించలేదని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, ఆలోచించే నన్ను ఎక్కించుకున్నారని.

ఆటల క్లబ్బు మైదానం నిండా బళ్ళు వరసగా నిలబెట్టారు. ప్రతి బండి పక్కనా ఒక గుడ్డ పందిరి, దాని కింద మడత కుర్చీలు, చిన్న బల్ల, దాని మీద టీ కెటిల్. మా పక్క బండి డెక్లన్‌దీ నోరాదీ. డెక్లన్ బస్సు నడిపి రిటైరైనవాడు. నోరా స్కూల్లో పిల్లలకి భోజనాలు పెట్టేదట. మావి మూడే కుర్చీలు, మేం నలుగురం. నేను బండి మెట్టు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తుంటే నోరా చూసింది. తన బండిలోంచి ఒక చారల గుడ్డ కుర్చీ తెచ్చి మా పందిరి కింద వేసింది. "దట్స్ యువర్స్ టిల్ మండే" అంది. చిన్నమ్మగారు, "ఫర్వాలేదండీ, తనకి అక్కడే హాయి" అని ఇంగ్లీషులో చెప్పింది. నోరా ఆ మాట విననట్టే వెళ్ళిపోయింది. నేను ఆ రోజు అందులో కూర్చోలేదు. పిల్ల స్వెట్టరు దాని మీద ఆరేశాను.

శనివారం పొద్దున్న నేను కాఫీ గిన్నె కడుగుతుంటే ఒక వింత చూశాను. వరసగా మగాళ్ళు, ఆడవాళ్ళు, ఒక్కొక్కరూ చక్రాలున్న పెట్టె లాక్కుంటూ క్లబ్బు భవనం వెనక్కి వెళుతున్నారు, విమానం ఎక్కడానికి వెళ్తున్నట్టు. డెక్లన్ ఈల వేస్తున్నాడు. అంత పెద్ద డాక్టరు ఓవెన్, నిక్కరు వేసుకుని, పెట్టె ఆపి ఎవరితోనో క్విజ్ పోటీ గురించి వాదిస్తున్నాడు. ఆ సూట్‌కేసులేమిటే అని హారికని అడిగాను. అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "పూ!" అని కిచకిచ నవ్వింది. చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. ఒక్కళ్ళు కూడా తలొంచుకుని నడవట్లేదు. సందు వెతుక్కోవట్లేదు, మైదానం నడిమధ్య దారిలో, ఎదురైనవాళ్ళకి గుడ్ మార్నింగ్ చెబుతూ నడుస్తున్నారు. భవనం వెనక ఒక గుంట, పక్కన కుళాయి. ఒంపుతారు, కడుగుతారు, చేతులు కడుక్కుంటారు, వచ్చి గుడ్లు వేయించుకుంటారు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత వచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు. ఇంతేనా పని? ఒక చక్రం, ఒక పిడి, ఒక మూత. ఎవరిది వాళ్ళే తీసుకుంటే అయిపోయే పనికి మా అమ్మ నెత్తి కావలసి వచ్చిందా? ఇన్ని వందల ఏళ్ళలో ఆ బుట్టకి ఒక మూత పెట్టాలని అంత చదువుకున్న ఇళ్ళల్లో ఒక్కరికీ తోచలేదా?

మావాళ్ళు శనివారమంతా క్లబ్బు భవనంలో దొడ్లకే వెళ్ళారు, డబ్బా నిండకుండా. ఆ రాత్రి కుండపోతగా వాన పడింది. బయటికి అడుగుపెట్టే వీల్లేదు. ఆదివారం లేచేసరికి టాయిలెట్ గోడ మీద, డబ్బా నిండిందని చెప్పే ఎర్ర దీపం వెలుగుతోంది.

"మాధవీ, రెడ్ లైట్ వచ్చింది," అన్నాడు డాక్టరు గారు.

"వస్తే నాకు చెప్తారేంటి? మీ బండి, మీరు చూసుకోండి."

"నేనా? ఓవెన్ అక్కడే లైన్లో ఉన్నాడే. నన్ను ఆ డబ్బాతో చూస్తే ఏమనుకుంటాడు?"

"ఆయన చేతిలో ఉన్నదేంటో, గులాబ్‌జామూనా?"

"వాళ్ళ సంగతి వేరు. వాళ్ళకేం మడా తడా. నువ్వెళ్ళు, ఆడవాళ్ళు కూడా తీసుకెళ్తున్నారు."

"భలేవారే! తలంటుకుని దీపం పెట్టుకున్నాను. ఇప్పుడు నన్ను పంపిస్తారా?"

నేను పొయ్యి దగ్గర ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. వీపు తిప్పి ఉన్నా తెలిసిపోయింది, రెండు జతల కళ్ళు నా మీద ఉన్నాయని. గడియారం కూత పెట్టింది.

"నూకాలూ," అన్నాడాయన. "నువ్వు తీసుకెళ్ళు. నీకు అలవాటే కదా."

ఐర్లండులో అడుగుపెట్టాక ఆ ఇంట్లో నన్ను నా పేరుతో పిలవడం అదే మొదలు. వంట చేసేటప్పుడు నీలని, దూరపు చుట్టాన్ని. డబ్బా మొయ్యాల్సి వచ్చేసరికి నూకాలుని.

"నాకేటి అలవాటు బాబూ?" అన్నాను.

ఆయన పెళ్ళాం వైపు చూశాడు. చిన్నమ్మగారు నా మొహం చూడకుండా, "మీ అమ్మ చేసేది కదే. ఇందులో ఏముంది, చేతికి అంటదు కూడా. గ్లవ్స్ ఇస్తాను" అంది.

"నాను ముట్టనమ్మా."

"ఏంటీ?"

"ముట్టను. గిన్నెలు తోమమన్నారు, తోమినాను. పిల్ల గుడ్డలు ఉతికినాను, మీకు జొరం వస్తే మీ కక్కు ఎత్తినాను. అది వేరు. అలవాటని సెప్పి ఇస్తే మాత్రం ముట్టను. మా యమ్మకి ఒట్టేసినాను."

డాక్టరు గారి గొంతు మారింది. "పర్మిట్ ఎవరి పేరు మీద ఉందో గుర్తుందా? రెన్యువల్ వస్తోంది. నేను సంతకం పెట్టకపోతే ఫ్లైట్ ఎక్కాలి."

"ఎక్కుతాను."

కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, మెట్టు దిగాను. స్వెట్టరు తీసి నోరా ఇచ్చిన కుర్చీలో కూర్చున్నాను. బింకంగా కూర్చున్నానని ఎవరూ అనుకోవద్దు. వెనక్కి వెళితే నాకు తల దాచుకునే పంచ లేదు, ఆ వరండా తప్ప. ఆ వరండాకి వెళ్ళినా ఈ కబురు నాకంటే ముందు వెళుతుంది. మునిసిపాలిటీ కొలువు మాత్రం అప్పుడూ ఖాళీగానే ఉంటుంది, అలాంటివి ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. అన్నీ తెలిసే కూర్చున్నాను. కుర్చీ గుడ్డ వానకి తడిసి ఉంది, చీర తడిసింది, లేవలేదు.

పెద్దల గొంతులకి భయపడి హారిక ఏడుస్తూ బయటికి వచ్చింది. నోరా చూసి, ఏమైంది పెట్ అని ముద్దుగా అడిగింది. పిల్లకి దాచడం ఏం తెలుసు? అంతా ఇంగ్లీషులో చెప్పేసింది. డబ్బా నీల ఆంటీయే తీసుకెళ్ళాలట, వాళ్ళ మమ్మీ అందరివీ మోసేదట, అందుకని. అప్పటికి నాకు అంత ఇంగ్లీషు అర్థమవుతుంది. నోరా నా వైపు చూసింది, డాక్టరు గారి వైపు చూసింది. "ఈజ్ దట్ రైట్?" అంది. అంతే అంది. లోపలికి వెళ్ళి కెటిల్ పెట్టుకుంది. ఆవిడ నా తరఫున పోట్లాడిందని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం. ఏమీ తెలియని డెక్లన్ తన పెట్టె పక్కన పెట్టుకుని నిలబడి, "రండి డాక్టర్, లైను పెరక్కముందే పోదాం" అని పిలిచాడు, బడికి తోడు పిలిచినట్టు. ఇంక తప్పలేదు. మా డాక్టరు గారు ఒక జత గ్లవ్స్ మీద ఇంకో జత తొడిగి, మూతికి మాస్కు కట్టుకుని, బండి పక్కన తలుపు తెరిచి డబ్బా లాగాడు. దానికి పిడి ఉందనీ చక్రాలున్నాయనీ చూడలేదు. రెండు చేతులూ ముందుకి చాపి, మొహం పక్కకి తిప్పుకుని, బాంబు మోస్తున్నట్టు మోసుకెళ్ళాడు. రోజూ మనుషుల కడుపులు కోసే మనిషి.

లైన్లో ఓవెన్ ఈయన్ని చూసి పకపకా నవ్వి, భుజం మీద చరిచి, "ఫెయిర్ ప్లే టు యూ!" అన్నాడు, ఇక్కడివాళ్ళు శభాష్ అనడం అలాగే. మాస్కు పైన మా డాక్టరు గారి కళ్ళు వెలిగిపోవడం నేను కుర్చీలోంచే చూశాను. మైకులో చెప్పిన కథ ఆ చరుపు దగ్గరే పుట్టింది. ఆ పోస్టు కూడా ఆయనకే వచ్చింది తర్వాత.

తిరిగొచ్చి మెట్టెక్కబోతుంటే చిన్నమ్మగారు, "ఆగండి! లోపలికి రాకండి. ఏదీ ముట్టుకోకండి" అని అడ్డం నిలబడింది. స్టీలు చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన గ్లవ్స్ పీకి పారేసి, వంగి, దోసిలి పట్టాడు. ఆవిడ మెట్టు మీద నిలబడి చెయ్యి పైకెత్తింది. మోచెయ్యి ఎంత ఎత్తుకి లేవాలో ఆ చేతికి తెలుసు. పైనుంచి నీళ్ళు పడ్డాయి, సగం ఆయన మోచేతుల మీదుగా కారిపోయాయి. ఆయన భుజం పైనుంచి చూస్తే నాకు విజయనగరం సందు కనిపించింది. ఆ దోసిలి తీరు కూడా అదే. అలా వంగితే ఎవరి వీపైనా ఒకలాగే ఉంటుంది కాబోలు.

నా నోరు ఊరుకోలేదు. "ఇంకొంచెం పైనించి పొయ్యండమ్మా," అన్నాను. "మీ మామ్మగోరు మా యమ్మకి అలాగే పోసీవోరు. మీకూ నేర్పినారు కదా."

చెంబు గడ్డిలో పడింది. చిన్నమ్మగారు మెట్టు మీద కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు నా మీద కోపమో, మామ్మగారి మీదో, ఆ చేతి మీదో నేను అడగలేదు. ఆయన దోసిలి పట్టుకుని అలాగే వంగి ఉన్నాడు. "ఏమంటోంది? ఏమంటోందే?" అన్నాడు. నాకు తెలిసి ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు.

డబ్బా ముట్టనన్నందుకు నన్ను క్షమించేవాళ్ళేమో. ఈ మాటకి క్షమించలేదు. పర్మిట్ మీద సంతకం పెట్టలేదు. అప్పుడు ఈ దేశానికి పనివాళ్ళు కావాలి, ఎక్కడ చూసినా మనుషుల కొరత. చర్చి దగ్గర పరిచయమైన ఒక మలయాళీ నర్సు మాట పెడితే డబ్లిన్ వైపు ఒక వృద్ధుల ఆశ్రమం వాళ్ళు నా పేర కొత్త కాగితాలు తెచ్చారు. టాలట్‌లో గది తీసుకున్నాను. ఆశ్రమంలో నేనేం చేశానో తెలుసా? ముసలివాళ్ళని శుభ్రం చేశాను, వాళ్ళ పక్కగుడ్డలు మార్చాను, ఉతికాను. ఏళ్ళ తరబడి అదే పని. రోత నాకు ఎప్పుడూ భయం కాదు. అక్కడ గ్లవ్స్ అందరికీ ఇచ్చారు, వేళకి టీ ఇచ్చారు, గుండెల మీద పేరు బిళ్ళ ఇచ్చారు. బిళ్ళ మీద ఏం రాయమంటావు అని అడిగితే నూకాలమ్మ అని చెప్పాను. వాళ్ళ నోరు సుబ్బరంగా తిరిగింది. నీకు అలవాటే కదా అని మాత్రం ఒక్కరూ అనలేదు. ఆ బిళ్ళ మీద నా పేరు నేనే చదువుకోవాలని పంతం పట్టి పెద్దవాళ్ళ బడిలో చేరాను. ఇంగ్లీషు అక్షరాలు ముందు వచ్చాయి. తెలుగు అక్షరాలు ఆ తర్వాత, టాలట్ గుళ్ళో కలిసిన ఒక ముసలాయన సాయంతో, యాభై దాటాక.

ఇప్పుడు మన సభలకి అప్పుడప్పుడు వెళుతుంటాను. పిల్లలు ఎంత బాగా నాట్యం చేస్తారో. భోజనాలయ్యాక చూడండి, బల్లల మీద ఎంగిలి పళ్ళేలు అలాగే వదిలేసి పెద్దలు ఫోటోలకి నిలబడతారు, ఎవరో వచ్చి ఎత్తుతారులే అని. ఆ ఎవరో ఎవరు? ఇక్కడ కూడా మీ కంటికి ఎవరో ఒకరు కనిపిస్తూనే ఉంటారు. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని హారిక అడిగింది. అప్పట్లో వెనక సందు కనిపించేది, ఇప్పుడు కనిపించదు, అంతే తేడా అన్నాను. దానికి కష్టం తోచింది. తోచనీ. అది నేను పెంచిన పిల్ల, తట్టుకుంటుంది.

నా మాట మీద నమ్మకం లేనివాళ్ళు వెళ్ళి అడగడానికి, ఆ ఆదివారం పొద్దున్న అక్కడున్న వాళ్ళందరి పేర్లూ రాస్తున్నాను. డెక్లన్, పెట్టె పక్కన. నోరా, కిటికీలో, చేతిలో టీ కప్పు. పెద్ద డాక్టరు ఓవెన్, లైన్లో నవ్వుతూ. హారిక, తడి గడ్డిలో, ఒక కాలికే సాక్సుతో. మాధవి గారు, మెట్టు మీద. డాక్టరు సుధాకర్ గారు, వంగి, దోసిలి పట్టుకుని. నేను, నూకాలమ్మని, పైడమ్మ కూతురిని, కుర్చీలో. నన్ను ఎవరూ కూర్చోబెట్టలేదు. నేనే కూర్చున్నాను.